భయపడే పని

ఫ్రిజ్‌లో గడ్డకట్టిన మంచుని చెంచా కాడతో గీకుతున్నాను. చాకు పెడితే తొందరగా అయిపోతుంది. కానీ చాకుతో గీకితే లోపలి గొట్టానికి చిల్లుపడి విషపుగాలి వస్తుందని ఎప్పుడో ఎవరో అనగా విన్నాను. నిజమో కాదో నాకు తెలీదు. తెలీనప్పుడు చెంచాయే మేలు. ఆ ఇల్లు మాది కాదు. మా సంఘం తరఫున సేవకి వచ్చిన నలుగురు ఆడపిల్లలు బో అనే పట్నంలో అద్దెకుండే ఇల్లది. పొద్దున్నే వాళ్ళు వాక్యం చెప్పడానికి వీధుల్లోకి వెళ్ళిపోయారు. ఇలాంటివి పన్నెండు ఇళ్ళున్నాయి. నెలకోసారి మేమిద్దరం తిరిగి అవన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూడాలి.

మా ఆయన ముందుగదిలో కుర్చీలో కూర్చుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని పత్రం నింపుతున్నారు.

"దోమతెరలు?" అని అడిగారు అక్కణ్ణించే.

"ఒకటి చిరిగింది. కుట్టాను."

"బాగున్నవి," అని రాసుకున్నారు. "నీళ్ళ ఫిల్టరు?"

"నాచు పట్టి ఉంది. కడిగాను."

"బాగున్నది. గ్యాసు బండ?"

"గొట్టం పాతబడిపోయింది మాస్టారూ. నాకు వాసనొస్తోంది."

"నీకు ఎప్పుడు రాలేదో చెప్పు? బాగున్నది."

నేను బండ కట్టేసి, కిటికీలు తెరిచి, గొట్టం మార్చేదాకా పొయ్యి వెలిగించొద్దని చీటీ రాసి పొయ్యి మీద పెట్టాను. నా రాతలో తప్పులుంటాయి. ఆయన కంటపడితే దిద్దడానికి కూర్చుంటారు, అందుకని ఆయన లేచేలోపే రాసేశాను. పత్రం చివర్న 'తనిఖీ చేసినవారు' అన్నచోట ఒక్కటే గీత ఉంటుంది. ఆయన సంతకం పెట్టి, టోపీ పెట్టుకుని, "పద, ఇంకా మూడిళ్ళున్నాయి" అన్నారు. నా వేళ్ళు చల్లబడి కట్టెలైపోయాయి. గౌను అంచుకి తుడుచుకుంటూ వెనకాలే నడిచాను.

మాది ఘానాలో కేప్ కోస్ట్. మా ఆయన కొబినా తండో ముప్ఫై ఏడేళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పారు, చివరి పదేళ్ళూ హెడ్మాస్టరు. అందుకే ఊరందరికీ ఆయన మాస్టారు, నాకూ మాస్టారే. నేను మిడిల్ స్కూలు దాటలేదు. మిషను కుట్టాను, ముగ్గురు పిల్లల్ని పెంచాను. ఆయన రిటైరయ్యాక సంఘం పెద్దలు మీ దంపతులు సేవకి వెళ్ళొచ్చు కదా అన్నారు. పెళ్ళయినవాళ్ళకి విడివిడిగా పిలుపులుండవు. ఇద్దరికీ కలిపి ఒక్క ఉత్తరం వస్తుంది. ఏడాదిన్నర, సియెర్రా లియోన్ దేశం అని ఉంది అందులో. నాకు ఆ రోజు అన్నం సయించలేదు. మలేరియా, పడవలు, పాములు, దారిలో మనకేమన్నా అయితే శవాన్ని ఇంటికెలా తెస్తారు, ఇవే ఆలోచనలు. మాస్టారు మాత్రం అద్దం ముందు నిలబడి నల్లటి పేరుబిళ్ళ జేబుకి పెట్టుకుని చూసుకుంటున్నారు. పదేళ్ళ వయసు తగ్గినట్టున్నారు. ఆ ముఖం చూసి సరేనన్నాను. ఇంట్లో పిల్లలందరూ ఎవరి కాళ్ళ మీద వాళ్ళు నిలబడ్డారు, చిన్నది ఎకువా అప్పటికి కడుపుతో లేదు.

నేను పిరికిదాన్నని మా ఇంటా బయటా అందరికీ తెలుసు. మా అత్తగారు బతికుండగా, "ఈ పిల్ల కళ్ళు పెళ్ళిలో కూడా శవాన్నే వెతుకుతాయి" అనేది. మా ఆడపడుచు ఫోన్ చేస్తే ముందు, "ఏం వదినా, ఇవాళ ఎవరు పోతారనుకుంటున్నావు?" అనే మొదలెడుతుంది. మాస్టారయితే ఏ ఊళ్ళో ప్రసంగం చేసినా నా మీద ఒక జోకు ఉండి తీరాలి. "మా సిస్టర్ తండో విశ్వాసం గొప్పది. చినుకు పడకముందే వరద ఆపమని ప్రార్థన చేస్తుంది!" అందరూ నవ్వుతారు. ముందు వరసలో కూర్చుని నేనూ నవ్వుతాను. నవ్వకపోతే ఉడుక్కుందంటారు. నిజానికి, మా పెద్దాడికి మామూలు జ్వరమేనని ఆయన పడుకోమంటే, ఎత్తుకుని ఆస్పత్రికి పరుగెత్తింది నేను. టైఫాయిడ్ అని తేలింది. ఇక్కడికి బయల్దేరేముందు ఆయన పాస్‌పోర్టు గడువు అయిపోవచ్చిందని చూసింది నేను. ఆయన బీపీ మాత్రలు రెండు సంచుల్లో విడివిడిగా సర్దాను, ఒక సంచి పోతే ఇంకోటి ఉంటుందని. అక్రాలో ఒక సంచి పోయింది కూడా. ఆ రోజు ఆయన మాత్ర వేసుకుంటూ, "చూశావా, ప్రభువు ఎలా కాపాడాడో" అన్నారు.

ఎకువాకి ఇది మూడో కానుపు. మొదటి రెండూ ఏడో నెలలోనే పోయాయి. రెండుసార్లూ బీపీయే. మాలో ఎనిమిది రోజులు నిండి పేరుపెడితేనే బిడ్డ బిడ్డ అయినట్టు. పేరు పెట్టకముందే పోయిన బిడ్డకి తల్లి ఏడవకూడదు, ఏడిస్తే మళ్ళీ కడుపు పండదంటారు. రెండుసార్లూ నా కూతురు నోట్లో గుడ్డ కుక్కుకుని నా ఒళ్ళో పడుకుంది. మాస్టారు ఆస్పత్రి గేటు దాటి లోపలికి రాలేకపోయారు. బయట చెట్టు కింద నిలబడి వచ్చేపోయేవాళ్ళతో వానల గురించి మాట్లాడారట. ఈసారి అక్టోబరులో నెలలు నిండుతాయి. మా ఏడాదిన్నర ఆగస్టు నడుమ ముగుస్తుంది. అంటే నేను ఏడెనిమిది వారాల ముందే దాని దగ్గరుంటాను. గోడమీది క్యాలెండరులో రోజూ ఒక గడి కొట్టేసేదాన్ని. మాస్టారది చూసి, "జైలు ఖైదీలా ఏంటది?" అన్నారు. ఆ తర్వాత మనసులోనే కొట్టేసుకున్నాను.

జూలై ఆఖరి ఆదివారం. ఆరాధన ముగిసే ముందు మాస్టారు లేచి ప్రసంగ పీఠం దగ్గరికి వెళ్ళారు. బయట వాన రేకుల మీద దరువేస్తోంది. ఆయన గొంతు పెంచి, "ఒక శుభవార్త," అన్నారు. "నేనూ సిస్టర్ తండో మీ మధ్యనే ఇంకో ఆరు నెలలు ఉండాలని నిర్ణయించుకున్నాం. పత్రం పంపించేశాం."

చప్పట్లు. ఆడవాళ్ళు నా వైపు తిరిగి చేతులు చాపుతున్నారు. పక్కనున్నామె నన్ను కావలించుకుంది. నేను నవ్వుతున్నానని నాకు బుగ్గలు నొప్పి పుట్టాక తెలిసింది. నలభై రెండేళ్ళ కాపురంలో నా ముఖం నన్నడక్కుండా ఆయనకి పనిచెయ్యడం నేర్చుకుంది.

కెకె అనే మూడు చక్రాల బండిలో ఇంటికొస్తున్నాం. పక్కనుంచి వాన జల్లు కొడుతోంది.

"పంపించేశాం అన్నారు. ఎవరు పంపించింది?"

"దానికి ఒక్క సంతకం చాలు అరాబా. ఇంటి యజమానిది."

"నన్నడగలేదేం?"

"అడిగితే ఏమంటావో తెలీదా నాకు? భయమేస్తోందంటావు. సింహం కనబడితే భయమంటావు, సింహం కనబడకపోతే ఎక్కడ దాక్కుందోనని భయమంటావు."

"ఎకువా కానుపు..."

"దానికి మొగుడు లేడా? ఆస్పత్రి లేదా? దేవుడి పని మనం చూస్తే మన ఇంటిని ఆయన చూస్తాడు. మనవాళ్ళు ఊరికే అన్నారా, కోడి కాలు పిల్లని తొక్కుతుంది గానీ చంపదని."

తొక్కిన రెండుసార్లూ చచ్చాయి కదా అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. దేవుణ్ణి అనాల్సిన మాట కాదు. మింగేశాను. మాస్టారు ఇంటి దగ్గర దిగుతూ, "ఆ బూట్లు తుడువు, బురదైపోయాయి" అన్నారు. తుడిచాను. ఎందుకు తుడిచానో ఇప్పటికీ నాకు చెప్పడం రాదు. చేతులు తుడిచాయి.

దంపతులకి సంఘం ఒక్క ఫోనే ఇస్తుంది. అది మాస్టారి చొక్కా జేబులో ఉంటుంది. సేవలో మనసు చెదరకూడదని ఇంటివాళ్ళతో మాట్లాడేది సోమవారం మాత్రమే. అత్యవసరమైతే ఎప్పుడైనా చెయ్యొచ్చు. ఆ సోమవారం మధ్యాహ్నం ఆయన పిల్లలతో పలకరింపులన్నీ అయ్యాక ఫోను నాకిచ్చి, నెట్ అయిపోతోంది త్వరగా కానిమ్మని సైగ చేశారు.

తెరమీద ఎకువా ముఖం కనబడింది. కనురెప్పలు ఉబ్బి, బుగ్గలు నున్నగా, లోపల్నుంచి ఎవరో గాలి ఊదినట్టుంది. మొదటి రెండుసార్లూ ఇదే ముఖం.

"ఎప్పట్నుంచే ఆ వాపు?"

"పోయిన వారం నుంచమ్మా. డాక్టరమ్మ మంచం దిగొద్దంది. బీపీ తగ్గకపోతే ఆగస్టు ఆఖర్లోనే ఆపరేషన్ చేసి తియ్యాలంటోంది. నీ అల్లుడు ఫీఫీ ఓడమీదే ఉన్నాడు, మూడు వారాలకి గానీ దిగడు. పక్కింటామె వండి పెడుతోందిలే." ఆగింది. "అదేంటమ్మా, నాన్న చెప్పలేదా? బుధవారం ఫోన్ చేశానుగా. నువ్వు ఆడవాళ్ళ క్లాసులో ఉన్నావన్నాడు. చెప్తానన్నాడు."

నేను తలెత్తి మాస్టారి వైపు చూశాను. ఆయన కిటికీ దగ్గర నిలబడి వానని చాలా శ్రద్ధగా చూస్తున్నారు.

"చెప్పారు తల్లీ," అన్నాను. "చెప్పారు. నీ నోట విందామని అడిగాను."

అబద్ధం. మొగుడి పరువు కాపాడ్డానికి కూతురితో ఆడిన అబద్ధం. ఫోను పెట్టేశాను. బుధవారం, గురువారం, శుక్రవారం, శనివారం, ఆదివారం. ఐదు రోజులు ఆయన నా పక్కన పడుకున్నారు, నేను వండింది తిన్నారు, ఈ సంగతి జేబులో పెట్టుకుని పీఠమెక్కి చప్పట్లు కొట్టించుకున్నారు. గురువారం కడుపులో బాగాలేదని రెండు పూటలా తినలేదు. నేను కంగారుపడి అల్లం నూరి జావ కాచాను. కలరా ఏమోనని కూడా అనుకున్నాను.

"ఉపవాసం," అన్నారు ఆయన కిటికీ వైపే చూస్తూ. నేనేమీ అడక్కుండానే. "దానికోసం ఉపవాసం ఉండి ప్రార్థించాను. నేనేం ఊరికే లేను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేస్తావు? ఏడుస్తావు, తిండి మానేస్తావు, క్లాసు మానేస్తావు. ఇక్కడ ఇరవైమంది ఆడవాళ్ళు నీకోసం ఎదురుచూస్తుంటారు. నీ మంచికే."

"దాని ముఖం చూశారా మీరు?"

"బుధవారం వీడియో రాలేదు. మాటే," అన్నారు. ఆ తర్వాత చెప్పులేసుకుని వరండాలోకి వెళ్ళిపోయారు. వరండా దాటి ఎక్కడికీ వెళ్ళలేరు. మేమిద్దరం ఒకరికొకరు కనబడేంత దూరంలోనే ఉండాలని నియమం. పోట్లాడుకున్నా అంతే.

మర్నాడు మంగళవారం. మంగళ, బుధవారాల్లో నాకు క్లాసు. సంఘం వెనక షెడ్డులో కుట్టుపని నేర్పుతాను. మాస్టారు మూల బల్ల దగ్గర మగవాళ్ళకి ఉత్తరాలు రాసిపెడుతుంటారు. యేమా అని ఒకామె, పామాయిల్ అమ్ముకునే విధవరాలు, నా పక్కనే కూర్చుంటుంది. చేతికంటే నోరు వాడి. నేను అదే కుట్టు నాలుగోసారి విప్పుతుంటే చూసి చూసి, "అక్కా, బట్ట ఏం పాపం చేసింది?" అంది. చెప్పాను. ఎవరికైనా చెప్పకపోతే గుండె పగిలిపోయేలా ఉంది. అంతా విని యేమా పళ్ళతో దారం తెంపింది.

"మీ దేశంలో కూతురి పురుడు ఎవరు చూస్తారు?"

"అమ్మే. ఇంకెవరు? మాలో పిల్లలకి పేరు తండ్రిది, నెత్తురు తల్లిది. నా కూతురి బిడ్డ మా అమ్మ వంశం. మాస్టారి వంశం కూడా కాదు, అల్లుడిదీ కాదు. బాలింతకి వేడినీళ్ళ కాపడం, బిడ్డకి స్నానం, అన్నీ నా చేతుల మీదే జరగాలి."

"మరి నీ వంశం అక్కడ మంచమెక్కితే నువ్విక్కడ మా ఊరి ఫ్రిజ్‌లు కడుగుతున్నావేంటి? మేం ఎప్పుడైనా కడగమన్నామా?"

"దేవుడి పని కదే."

"దేవుడికి ఫ్రిజ్ ఉందా?" అంది యేమా. అటు పక్కన ఇద్దరు కిసుక్కుమన్నారు. నాకూ నవ్వొచ్చింది, ఆ నవ్వులోంచే ఏడుపొచ్చింది. యేమా తన తలగుడ్డ కొసతో నా ముఖం మొరటుగా తుడిచి, "వద్దక్కా, ఇప్పట్నుంచే ఏడవకు. వెళ్ళి ఏడువు" అంది. తర్వాత గొంతు తగ్గించి, "మా పెద్దదాని కానుపప్పుడు నేను సంతకి వెళ్ళాను. నూనె పాడైపోతుందని. తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది" అంది. అప్పుడు విప్పిన కుట్టుని ఐదోసారి సరిగ్గా కుట్టాను.

రెండు రోజులు నేను నాలో నేనే వాదించుకున్నాను. నేను వెళ్తానంటే మాస్టారి సేవ ముగిసినట్టే. దంపతుల్లో ఒకరు వెళ్ళిపోతే రెండోవాళ్ళు ఉండటానికి లేదు. ఆయన ఏం పోగొట్టుకుంటారో నాకు తెలుసు. ఇంట్లో ఉన్నప్పుడు ఆయన పొద్దున్నే తయారై, వెళ్ళడానికి ఎక్కడికీ లేక, పాత రేడియో విప్పి మళ్ళీ బిగించుకునేవారు. ఇక్కడ ఆయన వీధిలోకొస్తే మగవాళ్ళు లేచి నిలబడతారు. ఆయనకి చదువు చెప్పడం మళ్ళీ దొరికింది. ఆ మనిషి దగ్గర్నుంచి అది లాక్కోవాలా? ఇంకోవైపు, నేను వెళ్ళేసరికి ఏమీ కాకపోతే? వాపు తగ్గి, ఎకువా మంచంమీద కూర్చుని, "నాకేం కాలేదమ్మా, ఎందుకొచ్చావు?" అంటే? మా ఆడపడుచు నవ్వు నా చెవుల్లో వినబడింది. ఏమీ కాకూడదని మొక్కుకుంటూనే, ఏమీ కాకపోతే నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలా అని బెంగ. ఇంత దౌర్భాగ్యపు ఆలోచన ఏ తల్లికైనా వస్తుందా? నాకొచ్చింది. ఇన్నేళ్ళూ నా భయాన్ని చూసి నవ్వీ నవ్వీ, అది నిజమైన రోజున కూడా దాన్ని చూసి నేనే సిగ్గుపడేలా చేశారు వీళ్ళు.

గురువారం ఇక్కడి సేవకులందరికీ పెద్దయిన ప్రెసిడెంటు ఎటిమ్‌గారు ఫ్రీటౌన్ నుంచి వచ్చారు. మూడు నెలలకోసారి వచ్చి సేవకులందరితోనూ మాట్లాడతారు. నైజీరియా మనిషి, నెమ్మదస్తుడు. ఆయన భార్య పక్కనే కూర్చుని నోటుపుస్తకంలో రాసుకుంటుంది. ఏడాదిన్నరలో నేనామె గొంతు పాటల్లో తప్ప వినలేదు. మమ్మల్ని ఎప్పుడూ కలిపే కూర్చోబెడతారు. ప్రశ్నలు మాస్టారికి, చివర్న ఒక్కటి నాకు.

"ఆరు నెలలు పొడిగించుకున్నందుకు చాలా సంతోషం ఎల్డర్ తండో," అన్నారాయన కాగితం తిప్పుతూ. "ఇంటి దగ్గర ఇబ్బందులేమీ లేవని రాశారు."

"ఏమీ లేవండి. ప్రభువు దయ."

"మంచిది. సిస్టర్ తండో, మీరేమంటారు?"

ఇక్కడ నేను, "ఆయనెలా అంటే అలాగేనండి" అనాలి. ప్రతిసారీ అదే అన్నాను. అది మర్యాద.

"నేను ఇంటికెళ్ళాలండి," అన్నాను. "ఈ వారమే. నా కూతురికి బాగాలేదు."

మాస్టారు చప్పున నవ్వారు, పీఠం మీద నవ్వే నవ్వు. "ప్రెసిడెంటుగారూ, మీకు తెలుసుగా, మా అరాబాకి భయం కొంచెం ఎక్కువ."

"అవునండీ, ఎక్కువే," అన్నాను. నా గొంతు వణుకుతోంది. వణకనిచ్చాను. "మా ఇంట్లో అందరి భయమూ నేనొక్కదాన్నే పడతాను. అందుకని ఎక్కువ. వంట చేసినట్టు, బట్టలుతికినట్టు, భయపడటం కూడా నా పనేనండి. ఈయన నిశ్చింతగా ప్రార్థన చేసుకుని పడుకోవాలంటే, పొయ్యి కట్టేశామా తలుపు గడియ పడిందా అని ఇంకెవరో లేచి చూడాలి కదా. నేను లేస్తాను. నలభై రెండేళ్ళుగా లేస్తున్నాను. బుధవారం ఫోనొచ్చినప్పుడు ఆ పని నాకు ఇవ్వలేదు ఈయన. దాచేసుకున్నారు."

ప్రెసిడెంటుగారు కళ్ళజోడు తీశారు. "బుధవారమా? ఎల్డర్ తండో?"

మాస్టారు నేల చూశారు.

"సిస్టర్, మీరు వెళ్తే నియమం ప్రకారం ఎల్డర్ కూడా..."

"తెలుసండి."

"మీ భర్త ఒప్పుకున్నారా?"

"అడగలేదండి."

అప్పుడు ఆయన భార్య కలం కింద పెట్టింది. "ఎన్నో వారం?" అంది నాతో.

"ముప్ఫయ్యో వారం అమ్మా."

"వాపు కాళ్ళకేనా, ముఖానికి కూడానా?"

"ముఖానిక్కూడా. ఇంతకుముందు రెండు పోయాయి."

ఆమె భర్త వైపు తిరిగింది. "శనివారం అక్రాకి విమానముంది. ఎల్డర్ తండో పనులు అప్పజెప్పేదాకా రెండు వారాలు మనింట్లో ఉంటారు. ఒంటరిగా ఉన్నట్టు అవదు." ఆ గొంతులో అడగడం లేదు. మా ఇంట్లో సాయంత్రం కూరేమిటో చెప్పినట్టు చెప్పింది. ఆయన ఒక నిమిషం ఆమెనే చూసి, కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, రాసుకున్నారు.

ఇంటికొచ్చాక నేను పెట్టె సర్దుకుంటున్నాను. మాస్టారు గుమ్మానికి ఆనుకుని నిలబడి, "తండో ఆడదాని మాట విని సేవ నడిమధ్యలో వదిలేశాడంటారు" అన్నారు.

"ఏడాదిన్నర నిండబోతోంది. నడిమధ్య మీరు కొత్తగా పెట్టుకున్నది."

"ఇరవైమంది ముందు నా పరువు..."

"నలుగురే ఉన్నాం గదిలో. నన్ను కూడా కలిపితే."

ఆయన మంచం అంచున కూర్చున్నారు. మోకాళ్ళ మధ్య చేతులు పెట్టుకుని కుర్రాడిలా కూర్చున్నారు. "బుధవారం అది ఏడ్చింది ఫోనులో," అన్నారు. "నాన్నా, మళ్ళీ అలాగే అవుతుందా అని అడిగింది. నాకు భయమేసింది అరాబా. నీతో చెబితే నువ్వు నమ్ముతావు. నువ్వు నమ్మితే నిజమైపోతుందనిపించింది."

ఇంత పెద్దమనిషికి, ప్రసంగాలు చేసే మనిషికి, తన భయాన్ని ఎలా పట్టుకోవాలో కూడా తెలీదు. ఎప్పుడూ పట్టుకోలేదు కదా. వేడిగిన్నె మసిగుడ్డ లేకుండా పట్టుకున్నవాడిలా ఉన్నారు. మామూలుగా అయితే నేను వెళ్ళి పక్కన కూర్చుని, ఏం కాదు మాస్టారూ అనేదాన్ని, ఆ గిన్నె నా చేతుల్లోకి తీసుకునేదాన్ని. జాలేసింది. చాలా జాలేసింది. అయినా నేను మడత పెడుతున్న ఆయన చొక్కా మంచం మీద పెట్టేసి, "మీవి మీరు సర్దుకోండి. నావే ఇంకా కాలేదు" అన్నాను. ఆయన దాన్ని తీసుకుని, చేతులు ఎటు మడవాలో తెలీక అటూ ఇటూ తిప్పారు. నేను చూడనట్టే ఉన్నాను. అదీ కష్టమైన పనే.

శనివారం పొద్దున ఫ్రీటౌన్ రేవు. విమానాశ్రయం నీళ్ళకి అవతలి ఒడ్డున ఉంది. పడవలో దాటాలి. ఆకాశం నల్లగా ఉంది. పడవ తాడుకి కట్టిన మేకలా గుంజుకుంటోంది. వచ్చేటప్పుడు ఈ నీళ్ళు దాటుతూ నేను కళ్ళు మూసుకుని మాస్టారి మోచెయ్యి పట్టుకుని, ఒడ్డు తగిలేదాకా కీర్తనలు గొణుక్కున్నాను. ఇప్పుడు నా ఒక్కదానికే టిక్కెట్టు. పాస్‌పోర్టు, డాక్టరమ్మ నంబరు, ఎకువా ఇంటి పక్కనామె నంబరు, అన్నీ రెండేసి కాగితాల మీద రాసి రెండు చోట్ల పెట్టుకున్నాను.

మాస్టారు గొడుగు పట్టుకుని నా పక్కనే నిలబడ్డారు. అలలు చూశారు. ఆకాశం చూశారు. పడవవాడి ముఖం కూడా చూశారు.

"గాలి ఎక్కువగా ఉంది అరాబా. పోయిన నెల ఇక్కడే ఒక పడవ ఆగిపోయిందట నీళ్ళ మధ్యలో. ఒక్కదానివి. నీకు ఈత కూడా రాదు. విమానంలో నీకేమన్నా అయితే ఎవరు చూస్తారు? అక్రాలో దిగి బస్సెక్కేసరికి రాత్రయిపోతుందేమో. ఒక్కరోజు ఆగు. రేపు వాన తగ్గాక వెళ్దువుగాని."

నేను తిరిగి ఆయన ముఖం చూశాను. ఆయన జోకు వెయ్యడం లేదు. ఒక్కొక్కటీ నేను రాత్రంతా అనుకున్నదే, అదే వరసలో. అన్నీ నిజాలే. గాలి నిజం, అలలు నిజం, ఎకువా ముఖంలో వాపు నిజం. రంగు వెలిసిన లైఫ్ జాకెట్ తలమీంచి వేసుకుని, పట్టీలు గట్టిగా బిగించుకున్నాను. ఒకటికి రెండుసార్లు లాగి చూశాను.

"ఆ భయం మీరు పడుతూ ఉండండి మాస్టారూ," అన్నాను. "నాకు అక్కడ పనుంది."

పడవవాడు చెయ్యి అందించాడు. పట్టుకుని ఎక్కాను.